గ్రీసు దేశపు ఆరోగ్యం డబ్బాలో రాదు

మా అమ్మాయి కిందటి సంక్రాంతి పండుగకు హైదరాబాదు నుండి వస్తూ అయిదు లీటర్ల ఆలివ్ నూనె డబ్బా ఒకటి మోసుకొని వచ్చినది. 2016లో నా గుండె రక్తనాళంలో స్టెంటు అమర్చిన నాటి నుండి నా ఆహార విషయమై నాకంటే ఆమెకే దిగులెక్కువ. "నాన్నగారూ, గ్రీసు దేశంలో అందరూ ఇదే వాడతారట. అక్కడ గుండెజబ్బులు తక్కువట. ఇకమీదట మన ఇంట్లో వేరే నూనె ముట్టుకోవద్దు" అని ఆంక్ష విధించినది. నా శ్రీమతి అందుకు సంతోషంగా తల ఊపి, కనుమనాడు ఆ డబ్బాలో మూడవ వంతు మూకుడులో పోసి మినపగారెలు వండినది. గ్రీసు దేశపు నూనెలో వేగినవి గనుక గుండెకు మేలేనని నేను ఒకటికి నాలుగు తిన్నాను.

తరువాత తీరికగా డబ్బా మీది అక్షరాలు చదివితే 'పామెస్' అన్న మాట కనిపించినది. ఆలివ్ కాయలను పిండి నూనె తీసిన మీదట మిగిలిన పిప్పి నుండి, రసాయన ద్రావకాల సహాయంతో రాబట్టి, శుద్ధి చేసి, కొంచెం మంచి నూనె కలిపి అమ్మే సరకు అది. మన దేశంలో వేపుళ్ల కోసమని విరివిగా అమ్ముడయ్యేది ఈ రకమే. గ్రీకులు ఆకుకూర మీద పచ్చిగా పోసుకొని తినే నూనెకూ దీనికీ చుట్టరికం మాత్రమే ఉన్నది.

ఈ మాటలు నేను పుస్తకాలు చూసి రాయడం లేదు. నేను ఓడలలో ఇంజనీరుగా ముప్ఫై ఏళ్లు పనిచేసినవాడను. 1987లో మా ఓడ మరమ్మతు కోసం ఏథెన్సు నగరపు రేవు అయిన పిరేయస్ పక్కన, పెరామా అనే చిన్న పట్టణంలో మే నుండి ఆగస్టు నడుమ వరకు నిలిచిపోయినది. ఆ మూడున్నర నెలలు నేను క్రీటు ద్వీపం నుండి వచ్చి స్థిరపడిన ఒక ముదుసలి ఇంట గది అద్దెకు తీసుకొని ఉన్నాను. ఆమెకు డెబ్భై దాటినవి. నన్ను పేరు పెట్టి పిలువలేక "పెదీ మూ" అనేది. "నా బిడ్డా" అని దాని అర్థం. నేను శాకాహారినని చెప్పినప్పుడు మొదట జాలిపడినది గాని, మరుక్షణమే "అయితే నీకు ఏడాదంతా ఉపవాసమే కదా, నీవు స్వర్గానికి పోతావు" అని నవ్వినది.

ఆ ఉపవాసపు సంగతి మన పాఠకులు తప్పక తెలుసుకోదగినది. గ్రీకు సంప్రదాయ క్రైస్తవులలో నియమం పాటించేవారు ప్రతి బుధవారం, ప్రతి శుక్రవారం, ఈస్టరుకు ముందు దీర్ఘవ్రతకాలం, క్రిస్మసుకు ముందు నలభై రోజులు, ఆగస్టు 1 నుండి 14 వరకు, ఇంకా కొన్ని దినాలు మాంసం, గుడ్లు, పాలు, వెన్న, జున్ను మానివేస్తారు. అన్నీ కూడితే సంవత్సరంలో 180 నుండి 200 రోజుల వరకు అవుతాయి. కఠిన దినాలలో నూనె కూడా నిషిద్ధమే. నత్తలు, ఆక్టోపస్ వంటి వెన్నెముక లేని సముద్రప్రాణులకు మాత్రం ఆ రోజులలో అభ్యంతరం లేదు. ఈ మినహాయింపు ఎందుకని అడిగితే ఆమె భుజాలు ఎగరవేసినది. ఏమైనా, సగం ఏడాది ఆ ఇంటి వంట మన శాకాహారపు వంటకంటే కూడా సాత్వికంగా ఉండేది. మనమో, ఏకాదశినాడు అన్నం మాని, దాని బదులు నేతి ఉప్మా, సగ్గుబియ్యపు వడలు, బంగాళాదుంప వేపుడు ఆరగించి ఉపవాసం చేశామని చెప్పుకుంటున్నాము. ఫలహారమనే పదంలో ఫలం ఎప్పుడో మాయమైనది.

ఆ ముదుసలి ఉదయం ఆరు గంటలకే ఒక చిన్న కత్తి, ఒక సంచి పట్టుకొని పెరామా వెనుకనున్న ఎగాలియో కొండవాలుకు పోయేది. తిరిగివచ్చేసరికి సంచి నిండా ఆకులు. వారు వీటన్నిటినీ కలిపి 'హోర్తా' అంటారు. మొదటి రోజు ఆమె బల్లమీద కుమ్మరించిన ఆకులను చూచి నేను నిర్ఘాంతపోయాను. అందులో ఒకటి మన తోటకూర! వారి భాషలో 'వ్లీతా'. మన పొలాల గట్లమీద తనంతట తాను మొలిచే చిలకతోటకూర జాతిదే. దానిని కాడలతో సహా ఉప్పునీటిలో ఉడికించి, నీరు వార్చి, పైన పచ్చి ఆలివ్ నూనె, నిమ్మరసం పోసి వడ్డించేది. వార్చిన నీటిని పారబోయక, నిమ్మరసం పిండి, కప్పులో పోసుకొని తాగేది. ఆకుకూరలోని ఇనుమును శరీరం గ్రహించడానికి నిమ్మలోని సి విటమిను తోడ్పడుతుందని నేటి శాస్త్రం చెప్పుచున్నది. ఆమెకు ఆ శాస్త్రం తెలియదు. ఆమె తల్లి అట్లా చేసేది, అంతే.

రెండవది మన గంగపాయల కూర. తెలంగాణలో గంగవాయిలి కూర అంటారు. పులుసు రుచి గల ఆ మెత్తని కాడలను ఆమె ఉడికించక, పచ్చిగానే దోసకాయ, ఉల్లిపాయ ముక్కలతో కలిపేది. దాని గ్రీకు నామం 'గ్లిస్త్రీదా'. జారేది అని భావం. ఆగకుండా మాట్లాడేవారిని చూచి "గ్లిస్త్రీదా తిన్నావా ఏమి?" అని అక్కడివారు పరిహాసమాడుతారు, నాలుక జారుతున్నదని చమత్కారం. గ్రీసులో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఆర్టెమిస్ సిమోపౌలోస్ అనే వైద్యశాస్త్రజ్ఞురాలు ఈ మొక్కను పరీక్షించి, ఇందులో ఒమేగా-3 కొవ్వు ఆమ్లం ఇతర ఆకుకూరలకంటే హెచ్చుగా ఉన్నదని 1980ల దశకంలోనే వెల్లడించారు. చేపలు తినని మా వంటివారికి ఇది చిన్న సంగతి కాదు. ఆ విలువైన ఆకును మన పెరట్లో కలుపు మొక్క అని పీకి పారవేసి, దుకాణానికి పోయి ఒమేగా-3 మాత్రలు కొంటున్నాము.

వంటింటి సంగతి వచ్చినది గనుక ఇంకొక మాట. బెండకాయలను వారు కూడా ఇష్టంగా తింటారు. జిగురు పోవడానికి ముచ్చికలు కోసి, సిర్కా చిలకరించి, గంటసేపు ఎండలో ఉంచి ఆపైన టమాటోలతో వండుతారు. ఈ పద్ధతి నేను ఇంటికి రాసిన ఉత్తరంలో ప్రస్తావిస్తే మా అమ్మ "మేము మజ్జిగచుక్క వేస్తాము, అదే ఇది" అని జవాబు రాయించినది. ఎర్రపప్పుతో చారు వంటిది కాచి దానిలో సిర్కా వేసుకుంటారు. సీఫ్నొస్ అనే ద్వీపంలో శనివారం రాత్రి శనగలు మట్టికుండలో పెట్టి కట్టెల పొయ్యిలో ఉంచి, ఆదివారం ఉదయం ప్రార్థన ముగిసిన తరువాత తీసుకొని తింటారు. వ్రతకాలంలో నువ్వుల ముద్దకు ప్రాధాన్యం ఎక్కువ. నువ్వులను తేనెపాకంలో పట్టి బిళ్లలుగా కోసే 'పస్తేలి' అచ్చంగా మన నువ్వుండల చెల్లెలు. తేనెను కాచరాదని మన ఆయుర్వేద గ్రంథాలు గట్టిగా చెప్పినవి కనుక ఈ విషయంలో బెల్లం వాడిన మన పెద్దలకే నా ఓటు.

పగటి నిద్రను గురించి

మధ్యాహ్నం రెండు దాటేసరికి వీధి మూగపోయేది. దుకాణాలు మూసివేసేవారు. భోజనమైన తరువాత కిటికీ తలుపులు దగ్గరగా వేసి ఇల్లంతా నిద్రపోయేది. నేను ఒకనాడు ఆ వేళలో పెట్టె జరుపుతూ చప్పుడు చేస్తే పక్కింటాయన గోడ మీద కొట్టాడు. ఆ దేశంలో ఇది మర్యాద మాత్రమే కాదు, చట్టం కూడా. వేసవిలో మధ్యాహ్నం మూడు నుండి అయిదున్నర వరకు శబ్దం చేయరాదని నిబంధన నేటికీ ఉన్నది. ఆ సంవత్సరం జూలై చివరి పదిరోజులలో గ్రీసును ఘోరమైన వడగాలి చుట్టుముట్టినది. వెయ్యిమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. ఆ రోజులలో మా ముదుసలి మధ్యాహ్నం తడిగుడ్డ నుదుట వేసుకొని చీకటి గదిలో పడుకొని, సూర్యుడు వాలిన తరువాతనే గడప దాటేది. నన్ను కూడా కొడుకును కసిరినట్లు కసిరి పడుకోబెట్టేది.

ఆయుర్వేదాన్ని నమ్మిన మనకు ఇక్కడ ఒక చిక్కు ఎదురవుతున్నది. దివాస్వప్నం కఫపిత్తాలను ప్రకోపింపజేస్తుందని చరకసంహిత. అయితే 2007లో గ్రీకు శాస్త్రజ్ఞులు 23 వేలకు పైబడిన తమ దేశస్థులను ఆరేళ్లకు పైగా పరిశీలించి ప్రకటించిన అధ్యయనం ప్రకారం, వారానికి కనీసం మూడుసార్లు, అరగంటకు తగ్గకుండా మధ్యాహ్నం నిద్రించే అలవాటున్నవారిలో గుండెజబ్బు మరణాలు 37 శాతం తక్కువగా కనబడినవి. ఎవరి మాట పాటించాలి? చరకుని మాట పూర్తిగా చదివితే వైరుధ్యం చాలవరకు తొలగిపోతుంది. గ్రీష్మ ఋతువులో పగటి నిద్ర హితమని, శ్రమచేత అలసినవారికి, వృద్ధులకు, బాలురకు, కృశించినవారికి ఏ ఋతువులోనైనా తగునని ఆ మహర్షియే మినహాయింపు నిచ్చాడు. గ్రీకు పరిశీలనలోనూ లాభం ప్రధానంగా ఉద్యోగం చేసే పురుషులలో కనబడినది. తెల్లవారుజామున లేచి, ఓడ అడుగున ఇనుము సుత్తెతో కొట్టి వచ్చినవానికి అది ఔషధం. రోజంతా కుర్చీలో కూర్చొని, బొజ్జ నిండా పెరుగన్నం తిని, టెలివిజను ముందు రెండుగంటలు గురకపెట్టే నా వంటి విశ్రాంత ఉద్యోగికి మాఘమాసంలో అది ఔషధం కాజాలదు. నేను వైశాఖ జ్యేష్ఠాలలో అరగంట మాత్రం నడుము వాలుస్తున్నాను.

సాయంకాలం మగవారంతా కాఫీ అంగడికి చేరేవారు. చిన్న గిన్నెలో పొడి, నీరు కలిపి కాచిన చిక్కని కాఫీ ఒక్క చిన్న కప్పు, దానికి గంటన్నర. పక్కన చన్నీళ్ల గ్లాసు. 'తావ్లి' అనే పాచికల ఆట బల్లమీద టకటకలాడేది. చేతిలో పూసల దండ తిప్పుతూ ఉండేవారు. జపం కోసం కాదు, ఊరికే. ఇంత చిన్న కప్పుకు ఇంత కాలక్షేపమా అని మొదట నాకు చిరాకు కలిగేది. వారం తిరిగేసరికి నేనూ అక్కడే ఉన్నాను. అక్కడ ఒంటరిగా తినేవానిని, ఒంటరిగా తాగేవానిని చూచి జాలిపడతారు. 'పరేయా' అంటారు, అనగా తోడు, గోష్ఠి. మా ముదుసలి నేను ఓడలోనే తిని వచ్చిన రోజున కూడా తన బల్ల దగ్గర నన్ను కూర్చోబెట్టుకొని తినేది. ఎవరు గడప తొక్కినా ఒక చెంచా నారింజతొక్కు పాకం, ఒక గ్లాసు నీళ్లు. ఎండనబడి వచ్చినవారికి బెల్లంముక్క, మంచినీళ్లు ఇచ్చిన మా తాతగారి ఇల్లు గుర్తుకు వచ్చేది.

అన్నీ అనుకరణీయాలని నేను చెప్పడం లేదు. ఆ కాఫీ అంగడి నిండా సిగరెట్టు పొగ. అందులో స్త్రీలకు చోటు లేదు. వారు అరుగుల మీద కూర్చొని కాయలు తరుగుతూనే మాట్లాడుకొనేవారు. వారి ఆరోగ్యకరమైన భోజనం వెనుక ఎవరి నడుము వంగినదో చెప్పనక్కరలేదు. రాత్రి భోజనం తొమ్మిది, పది గంటలకు. అది మన శాస్త్రానికి విరుద్ధం, నా గుండె వైద్యుని మాటకు కూడా విరుద్ధం. ఇక ఇకారియా ద్వీపంలో నూరేళ్లు దాటినవారి కథలు పత్రికలలో వస్తుంటాయి. మరణించినవారి పేరిట పింఛన్లు పుచ్చుకున్న ఉదంతాలు గ్రీసు ప్రభుత్వపు తనిఖీలలోనే బయటపడిన తరువాత అటువంటి వయసు లెక్కలను ఆధారం చేసుకొని వాదించడం నాకు ఇష్టం లేదు.

పేదరికమూ పథ్యమూ

అమెరికా శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్ 1958లో ఆరంభించిన ఏడు దేశాల పరిశోధనలో 40 నుండి 59 ఏళ్ల వయసుగల పన్నెండు వేలకు పైగా పురుషులను పరిశీలించారు. వారందరిలో గుండెజబ్బు మరణాలు అతి స్వల్పంగా ఉన్నవారు క్రీటు ద్వీపవాసులు. వారు పుచ్చుకొనే శక్తిలో సుమారు 40 శాతం కొవ్వు నుండే, అందునా ముఖ్యంగా ఆలివ్ నూనె నుండే వచ్చేది. నేటి నూనె వ్యాపారానికి మూలధనం ఆ ఒక్క వాక్యమే. అయితే ఆ రైతులు రోజంతా రాళ్లనేల తవ్వేవారనీ, బార్లీ రొట్టె, పప్పులు, అడవి ఆకులు తినేవారనీ, మాంసం వారికి పండుగనాటి మాట అనీ ఏ డబ్బా మీదా అచ్చువేయరు. ఉపవాసపు రోజుల ప్రభావానికి ఆ పరిశోధనలో తగిన స్థానం లభించలేదని తరువాతి కాలంలో గ్రీకు శాస్త్రవేత్తలే ఎత్తిచూపారు.

అంతకుముందు, 1948లో, రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ తరఫున అదే క్రీటులో ఇంటింటికీ తిరిగి విచారించారు. తమ భోజనం తృప్తికరంగా ఉన్నదన్న కుటుంబాలు ఆరింట ఒకటి మాత్రమే. తక్కినవారికి మాంసం కావలసివచ్చినది. ఇది చదివినప్పుడు నాకు మా ముదుసలి ముఖం కళ్లకు కట్టినది. జర్మనుల ఆక్రమణకాలంలో, 1941-42 చలికాలపు కరవు మొదలుకొని, ఆ దేశంలో సుమారు 3 లక్షలమంది ఆకలితో మరణించారని అంచనా. "ఆకులు తిని బతికాము, పెదీ మూ" అని ఆమె ఒకసారి అన్నది. ఆమెకు హోర్తా ఆరోగ్యసూత్రం కాదు. ఆమె మనుమలు ఆదివారం వచ్చినప్పుడు ఆకు వంక చూసేవారు కారు. వేయించిన బంగాళాదుంపలు, సీసాలో తీపి పానీయం. ఆమె కూడా వారికి అవే సంతోషంగా పెట్టేది. ఆకలి ఎరిగిన అవ్వ మనుమనికి ఆకు పెట్టదు గదా!

ఆ పిల్లలకు నేడు నడివయసు. వారి పిల్లలు బడికి పోతున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరోపా దేశాల బాలబాలికలను తూచి చూసిన ప్రతిసారీ స్థూలకాయుల వరుసలో గ్రీసు ముందు భాగాన కనబడుతున్నది. 2010లో గ్రీసు, ఇటలీ, స్పెయిను, మొరాకో దేశాల ఆహార సంప్రదాయాన్ని యునెస్కో మానవజాతి వారసత్వంగా గుర్తించినది. వారసత్వపు పట్టికలో చేరేవేళకు వారసులు దానిని చాలవరకు విడిచిపెట్టేశారు. నూనె మాత్రం విడువలేదు. తలసరి ఆలివ్ నూనె వాడకంలో గ్రీకులు నేటికీ ప్రపంచంలో ముందు వరుసలోనే ఉన్నారు. ఇల్లు మొత్తం మారిపోయి నూనె ఒక్కటి మిగిలితే ఫలితమేమిటో ఆ పిల్లల నడుముకొలతలే చెప్పుచున్నవి.

మా అమ్మాయితో నేను ఈ మాటే అన్నాను. ఆమె ఒప్పుకొనలేదు. "అయితే ఆ నూనె చెడ్డదంటారా?" అని అడిగినది. చెడ్డది కాదు. కాయలను ఊరికే పిండి తీసిన అసలు నూనె మంచిదే, కొనగలిగినవారు కొనవచ్చును. కాని అది వారి నేలలో పండినది గనుక వారికి అమరినది. మనకు నువ్వులనూనె ఉన్నది. స్థావర స్నేహాలలో తిలతైలమే శ్రేష్ఠమని చరకుడు చెప్పాడు. ఏ నూనె అయినా మూకుడు నిండా పోసుకొంటే గుండెకు ఒకటే. హిప్పొక్రటీసు ఆహారమే ఔషధం కావాలన్నాడని ప్రతి ఆరోగ్య పత్రికలోనూ అచ్చవుతున్నది గాని, ఆయన పేరిట లభించే గ్రంథాలలో ఆ వాక్యం లేదు. ఉన్నది 'దియేతా' అనే మాట. ఇంగ్లీషువారు దానిని కుదించి డైట్ అన్నారు. మూలంలో దాని అర్థం తిండి ఒక్కటే కాదు. వ్యాయామం, స్నానం, నిద్ర, ఋతువును బట్టి నడక అన్నీ కలిసిన జీవన విధానం. మన దినచర్య, ఋతుచర్యలకు సరిసమానమైన మాట. ఆ గ్రీకు వైద్యమే అరబ్బుల చేతుల మీదుగా యునానీ అనే పేరుతో మన హైదరాబాదు దాకా వచ్చినది. చార్మినారు పక్కనే దాని ఆసుపత్రి ఉన్నది. 'యునానీ' అంటే 'గ్రీకుది' అనే గదా అర్థం.

ఇంతకూ మా ఇంటి సంగతి. పండుగ వెళ్లిన తరువాత నేను, నా శ్రీమతి, కింది వాటాలోని మా అబ్బాయి కుటుంబం ఒక ఒడంబడికకు వచ్చాము. బుధ, శుక్రవారాలలో రాత్రి ఏడున్నరకు అందరూ ఒకేచోట కూర్చొని తినాలి. ఫోనులు పడకగదిలో ఉండాలి. ఆ రెండు రోజులు వేపుడు లేదు, ఒక ఆకుకూర తప్పనిసరి. మొదటి వారం మా మనుమరాలు గంగపాయల పప్పు చూచి ఇదేమి గడ్డి అన్నది. మూడవ వారం గ్లిస్త్రీదా సామెత చెప్పాను; అప్పటినుండి వాళ్ల నాన్న ఎక్కువ మాట్లాడినప్పుడల్లా "గంగపాయల కూర తిన్నావా నాన్నా?" అని అడుగుతున్నది. నెలలో రెండుమూడుసార్లు ఈ ఏర్పాటు తప్పిపోతున్నదని దాచకుండా చెబుతున్నాను. మా అబ్బాయి ఉద్యోగం అటువంటిది.

గంగపాయల ఆకును పెసరపప్పుతో ఉడికించి, దించిన తరువాత నిమ్మరసం పిండి, చెంచాడు నువ్వులనూనెతో పోపు పెడితే చాలును. చింతపండు అక్కరలేదు, ఆకే పుల్లన. మూత్రపిండాలలో రాళ్లున్నవారు మాత్రం ఈ ఆకునూ, తోటకూరనూ వైద్యుని అడగకుండా తరచుగా తినరాదు. రెండింటిలోనూ ఆగ్జలేటు అధికం. గుండెజబ్బు, మధుమేహం ఉన్నవారు ఇటువంటి వ్యాసాలు చదివి మందులు ఆపరాదు. నేను నా మాత్రలు మూడూ వేసుకుంటూనే ఉన్నాను. ఖాళీ అయిన ఆ నూనె డబ్బా పైభాగం కోయించి, అడుగున చిల్లులు పొడిపించి, నా శ్రీమతి దానిలో గంగపాయల కాడలు నాటినది. ఈ మొక్కకు గింజలతో పనిలేదు, కాడ గుచ్చితే అంటుకుంటుంది. ఎండ తగిలేచోట పెట్టి, నీరు మాత్రం తక్కువగా పోయాలి.